మా వారి చిట్టా పుస్తకాలు: ఒక మరమ్మతు డైరీ

ఆషాఢం

మా వారు 1961 నుంచి చివరి నెల దాకా రాసిన ఇంటి లెక్కల పుస్తకాలను బాగుచేసి కుట్టించాలనీ, వాటిలో పిల్లలు తప్పక చదవవలసిన పుటలకు శుభ్రప్రతి రాయాలనీ, వచ్చే మాఘంలో సంవత్సరీకం నాటికి ఆ ప్రతులను వారి చేతుల్లో పెట్టాలనీ సంకల్పించి రథయాత్ర వెళ్ళిన వారంలో పని మొదలుపెట్టాను. ఎలా సాగుతున్నదో ఎప్పటికప్పుడు రాసి ఉంచుతాను. ఇంట్లో తడిసిన కాగితాలూ చెదరిన పుస్తకాలూ ఉన్నవారికి నేను అనుసరించిన పద్ధతులు పనికివస్తే సంతోషం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడి ఈ ఊరు అందులో చేరిన 1936లోనే మా వారు ఇక్కడ పుట్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రికి తరలిపోయినదీ ఆ ఏడాదే. మా మామగారు మాత్రం ఇల్లూ కొద్దిపాటి పొలమూ ఇక్కడే ఉన్నాయని ఇక్కడే నిలిచిపోయారు. నా పుట్టిల్లు పాతపట్నం. సరిహద్దు దాటితే చాలు. మా వారు నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు మార్గంలో టికెట్లు ఇచ్చే గుమాస్తాగా చేరి, ఆ మార్గంలోనే ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు మారుతూ, 1994లో పదవీ విరమణ చేశారు. గడచిన మాఘంలో ఎనభై ఎనిమిదో ఏట, ఎవరిచేతా సేవ చేయించుకోవలసిన అవసరం ఎక్కువ కాలం రాకుండా వెళ్ళిపోయారు.

పుస్తకాలు రెండు రకాలు. రోజువారీ జమాఖర్చులు రాసిన పొడుగాటి చిట్టాలు కొన్ని. నెల చివర వాటిని పద్దుల వారీగా ఎక్కించిన ఆవర్జాలు కొన్ని. స్టేషనులో సాయంత్రం పైకం సరిచూసి అప్పగించడం ఉద్యోగ ధర్మం కాబట్టి ఇంటికి వచ్చాక కూడా అదే క్రమం పాటించేవారు. దీపం పెట్టిన తరువాత, భోజనానికి ముందు, చాప మీద కూర్చుని రాసేవారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇంటి పెంకులు లేచిపోయి అటక మీది ట్రంకు పెట్టెలోకి నీరు దిగింది. ఎనభై రెండేళ్ళ వయసులో ఆయనే పుస్తకాలను నీడన పరచి చాలావరకు ఆరబెట్టారు. అడుగున ఉన్నవి మాత్రం అంటుకుపోయి అట్టముక్కల్లాగా గట్టిపడ్డాయి. సగం పని ఆయన చేసిపెట్టారు కనుక మిగిలిన సగం నాది.

ఈ వారం చేసినదల్లా వేరుచేయడమే. కుట్టు గట్టిగా ఉన్నవి ఒక వరుస, కుట్టు తెగి ఫారాలు (కలిపి మడిచి కుట్టిన కాగితాల కట్టలు) ఊడినవి ఒక వరుస, అంటుకుపోయినవి ఒక వరుస. ప్రతి పుస్తకంలోనూ ఒక చీటీ పెట్టి సంవత్సరమూ స్థితీ రాశాను. ఫారాలు ఊడిన వాటిని కదిలించే ముందు పుటల మూలన పెన్సిలుతో వరుస సంఖ్య వేయడం మంచిది, ఎందుకంటే ఆయన చాలా పుటలకు తేదీయే గాని సంఖ్య వేయలేదు.

శ్రావణం

వానల నెలలో పాత కాగితం ముట్టుకోరాదని అనిపించవచ్చు గాని, బూజు ఆగదు కనుక నేను ఆగలేదు. మధ్యగదిలో ఫ్యాను తిరుగుతుండగా, కిటికీకి దూరంగా బల్ల వేసుకున్నాను. ఎండలో పెడితే కాగితం వంకరపోతుంది, సిరా వెలిసిపోతుంది. అందుచేత గాలి, నీడ, ఓర్పు ఈ మూడే సాధనాలు. తేమగా తోచిన పుటల మధ్య అచ్చు వేయని తెల్ల కాగితం ఉంచి, పూటకు ఒకసారి మారుస్తున్నాను. పొడి బూజును పెరట్లో, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని కుంచెతో పైనుంచి కిందికి మాత్రమే తుడవాలి. తడిగుడ్డ పెడితే బూజు కాగితంలోకి ఇంకుతుంది.

సిరాల తేడా ఈ నెలలో బాగా తెలిసింది. మొదటి ఏళ్ళలో ఆయన వాడిన బ్లూబ్లాక్ సిరాలో ఇనుము ఉంటుంది కాబట్టి తడిసినా అక్షరం నిలిచింది; అంచులు కాస్త గోధుమరంగుకు తిరిగాయి, అంతే. మధ్యలో వాడిన నీలి సిరా నీటికి కరిగి కొన్ని పుటల్లో మబ్బులాగా పరచుకుంది. రైల్వేలో రసీదులకు వాడే కాపీయింగ్ పెన్సిలుతో రాసిన చోట తడి తగిలి ఊదారంగు మరకలు పడ్డాయి. బాల్ పెన్ను రాతకు మాత్రం నీటివల్ల ఏమీ కాలేదు. కరిగిన పుటలను పక్కవెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే కలం ఒత్తిడి గీతలు కనబడి చాలా అంకెలు చదవడానికి వీలయింది. ఆయన అంకెలు గట్టిగా నొక్కి రాసే మనిషి కావడం ఇప్పుడు అక్కరకు వచ్చింది.

అంటుకుపోయిన పుటల మధ్యకు పలచని వెదురు పుల్ల చదును చేసి మెల్లగా తోస్తున్నాను. తుప్పు పట్టిన గుండుసూదులను లాగరాదు. కింద పలచని ప్లాస్టిక్ ముక్క ఉంచి, తుప్పు విడిచేలా అటూ ఇటూ కదిపి తీయాలి. అట్టల లోపలి జిగురు కోసం వెండిపురుగులు చేరాయి. పాత జిగురంతా గీకి తీసేశాను.

1961 పుస్తకం అట్ట లోపల అణాలకు ఎన్ని నయా పైసలో చూపే పట్టీ ఆయన చేతిరాతలో ఉంది. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చినా మా అత్తగారు అణాలు, బేడలు, పావలాలతోనే బజారు చేసేవారు. ఆమె చెప్పిన లెక్కను ఆమె మాటల్లోనే ఒక పక్క రాసి, కొత్త లెక్క రెండో పక్క రాశారు. తల్లి చెప్పిన దానిని తిరగరాసి చూపించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

భాద్రపదం

ఈ నెల చిరుగులు అతికే పని. సెల్లోటేపు ఎక్కడా వాడరాదు. కొన్నేళ్ళకు పచ్చబడి, జిగురు కాగితంలోకి దిగి, తీయబోతే అక్షరం ఊడివస్తుంది. ఆయన రిటైరైన తరువాత అతికించిన కొన్ని చోట్ల ఇప్పటికే ఆ పరిస్థితి వచ్చింది. మైదాను నీటిలో సన్నని సెగ మీద ఉడికించి, వడగట్టి, పలచని పొరకాగితం పీలికలతో చిరుగులను అతికాను. పీలికను కత్తిరించకుండా చేత్తో చింపితే అంచు నూలుపోగుల్లాగా ఉండి పాత కాగితంలో కలిసిపోతుంది. ఊళ్ళో బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా జిగురులో మైలతుత్తం కలుపుతారు. దానిలోని రాగి కాలక్రమేణా కాగితాన్ని పెళుసుబరుస్తుంది కాబట్టి నేను కలపలేదు. ఏ పూటకు ఆ పూట కొద్దిగా ఉడికించుకుని మిగిలినది పారబోశాను.

కుట్టు కోసం సంతలో సవరలు తెచ్చిన తేనెమైనం కొన్నాను. నూలు దారానికి మైనం పట్టించి, ఫారం మడతలోంచి పాత రంధ్రాల గుండానే కుట్టాను. కొత్త రంధ్రం వేస్తే మడత బలహీనపడుతుంది. వెన్ను భాగానికి ఆయన పాత పంచె అంచు తీసి పట్టీగా వేశాను. అట్టల పని మాత్రం ఇక్కడి బైండరుకు అప్పగించాను; ఆయన మా వారి దగ్గర టికెట్టు కొని బడికి వెళ్ళిన కుర్రవాడే, ఇప్పుడు మనవలున్నవాడు. కూలి తీసుకోనన్నాడు. "మాస్టారు లెక్కలు రాసిన పుస్తకం, కూలి లేకుండా చేయిస్తే ఆయన ఒప్పుతారా, బాబూ?" అని నేను అడిగాక తీసుకున్నాడు.

ఆశ్వయుజం

ఎండ వచ్చింది, పుస్తకాలు పొడిబారాయి, చదవడం మొదలుపెట్టాను. శుభ్రప్రతి కోసం పుటలు ఎంచే పని త్వరగా అయిపోతుందని అనుకున్నాను గాని, మొదటి ఆవర్జా దగ్గరే నెల గడిచింది. దానికి తగిన కారణం ఉంది కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా పెళ్ళి 1961 వైశాఖంలో జరిగింది. నేను పాతపట్నంలో ఎనిమిదో తరగతి ముగించాను. సంబంధం కుదరడంతో చదువు ఆగింది. కాపురానికి వచ్చిన తరువాత చాలాకాలం నేను ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడాది కార్తికంలో, దీపాలు పెట్టి వచ్చిన ఒక సాయంత్రం, ప్రైవేటుగా మెట్రిక్ కట్టాలని ఉందని ఆయనకు చెప్పాను. ఆయన "సరే, కట్టు" అన్నారు. అంత తేలికగా ఎలా ఒప్పుకున్నారో అని అప్పట్లో ఆశ్చర్యపడ్డాను. ఇప్పుడు ఆవర్జాలో చూస్తే, పెళ్ళి అయిన నెలలోనే, బియ్యం, పాలు, కట్టెలు, మందులు అనే పద్దుల తరువాత "ఇల్లాలి చదువు" అని ఒక పుట తెరిచి ఉంది. నెలకు అయిదు రూపాయల చొప్పున, ఒక్క నెల కూడా తప్పకుండా, జమ కడుతూ వచ్చారు. నూట పాతిక దాటని జీతంలో, తల్లీ చెల్లెలూ ఆధారపడి ఉన్న ఇంట్లో, నేను నోరు తెరిచి అడగకముందే ఆ పైకం సిద్ధంగా ఉంది. పెళ్ళిచూపులనాడు మా నాన్నగారు, అమ్మాయి బడి మానేటప్పుడు ఏడ్చిందని యథాలాపంగా అన్నారట; ఆ మాట ఆయన విన్నారని మా ఆడపడుచు ఇప్పుడు ఫోనులో చెప్పింది.

అరవై ఏళ్ళకు పైగా కలిసి బతికిన తరువాత కూడా నాకు ఈ సంగతి తెలియదు. ఆయన చెప్పలేదు, దాచాలనీ అనుకోలేదు, ఎందుకంటే ఆవర్జా ఎప్పుడూ అలమరలో అందరికీ అందేలాగానే ఉండేది. నేను ఇంతకాలం ఆయనది మెత్తని స్వభావమనీ, ఎవరు ఏమడిగినా కాదనలేరనీ అనుకునేదానిని. పుస్తకాలు చదివాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఆయన మంచితనం అప్పటికప్పుడు కలిగిన జాలి కాదు. ముందే ఆలోచించి, పద్దు తెరిచి, ప్రతి నెలా జమ కట్టిన ఏర్పాటు. పిల్లలకు నేను చూపించదలచినది ఇదే. అందుకని ఆ పుటను ఒక్క అంకె కూడా మార్చకుండా మొత్తం శుభ్రప్రతిలో ఎత్తిరాశాను.

ఆ పద్దు తరువాతి ఖర్చులు వరుసగా ఇలా సాగుతాయి. ఒడియా మొదటి వాచకం ఒకటి. ఇక్కడి పరీక్షకు ఒడియా రావాలి, నాకు తెలుగు లిపి తప్ప రాదు. రాత్రిపూట ఆయనే పలక మీద రాయించేవారు. తరువాత లాంతరుకు కొత్త గ్లాసు, కిరసనాయిలు అదనం. తరువాత పరీక్ష రుసుము. 1966లో మెట్రిక్ గట్టెక్కాను. ఆ వెంటనే సి.టి. అనే ఉపాధ్యాయ శిక్షణకు ఊరు విడిచి హాస్టలులో ఉండవలసి వచ్చింది. రెండేళ్ళ పిల్లవాడిని వదిలి కోడలు చదువుకు వెళ్ళడం మా అత్తగారికి నచ్చలేదు. ఆయన వాదన పెట్టుకోలేదు. ఆ కాలపు చిట్టాలో పనిమనిషికి నెల జీతం కొత్తగా కనబడుతుంది. పాలు అరశేరు పెరిగాయి. ఆయన పేర రాత్రి డ్యూటీ బత్తెం జమ అవుతుంది. పగలు పిల్లవాడి దగ్గర ఉండడానికి రాత్రి డ్యూటీలు అడిగి వేయించుకున్నారన్న మాట. రెండు వారాలకు ఒకసారి హాస్టలుకు వచ్చిన ప్రయాణ ఖర్చు కూడా "ఇల్లాలి చదువు" పద్దులోనే రాశారు, తన పద్దులో కాదు.

1969లో నాకు తెలుగు పిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి పుస్తకంలో నేను "టీచరమ్మగారు" అయ్యాను. ఇంట్లోనూ అలాగే పిలిచేవారు. నా జీతానికి వేరే పుట తెరిచి, పోస్టాఫీసు పాసుపుస్తకం నా పేర తీశారు. 1974లో ఇంటికి పెంకులు మార్పించడానికి నా సొమ్ములోంచి రెండు వందలు చేబదులుగా తీసుకుని, నాలుగు వాయిదాల్లో తిరిగి కట్టారు. ప్రతి వాయిదా పక్కనా నా చేత సంతకం చేయించారు. ఆ నాలుగు సంతకాలూ ఇక్కడ ఉన్నాయి. భర్త భార్య దగ్గర అప్పు తీసుకుని తీర్చడం ఆ రోజుల్లో ఈ వీధిలో మరెవరూ ఎరగరు.

కొమ్ము పనికి పేరుపడిన ఊరు కాబట్టి కొమ్ము దువ్వెన కొన్న రోజు కూడా ఒకటి ఉంది. 75 నయా పైసలు. ఆ దువ్వెన పళ్ళు రెండు విరిగినా ఇంకా వాడుతున్నాను.

కార్తికం

బైండరు మొదటి విడత పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. పని బాగుంది, వెన్ను వంగుతున్నది, పుట పూర్తిగా తెరుచుకుంటున్నది. లెక్కల పుస్తకానికి అదే ముఖ్యం.

ఈ నెల 1971 చిట్టా చదివాను. రెండో కాన్పు కష్టమై నన్ను బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చేర్చారు. చిన్న రైలులో నౌపడ దాకా, అక్కడి నుంచి పెద్ద లైను మీద బరంపురం. నాకు ఆ రోజుల్లో చాలా భాగం గుర్తు లేదు. ఆయన చిట్టా మాత్రం ఒక్క పూట కూడా ఖాళీ లేదు. మందులు, బత్తాయిలు, నాకు దుప్పటి, అమ్మకు టెలిగ్రాం. వాటి మధ్య "పక్క మంచం వారికి బియ్యం" అని మూడు చోట్ల ఉంది. ఆ పక్క మంచం మనిషి కొండ మీది నుంచి వచ్చిన సవర స్త్రీ అనీ, ఆమె భర్త ఎన్నో ఏళ్ళపాటు పసుపు పంటకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి ఒక మూట తెచ్చేవాడనీ నాకు తెలుసు. ఎందుకు తెస్తున్నాడో మాత్రం ఈ పుట చదివాకే అర్థమైంది. అప్పుడు పుట్టిన అమ్మాయికి ఈ పుట ఫోటో తీసి పంపాను.

ఆయన తన కోసం ఏమీ ఖర్చు చేసుకోలేదని ఎవరూ భావించకూడదు. "సొంత ఖర్చు" అనే పద్దులో కాఫీ పొడి, నశ్యం, చదరంగం బల్ల, ఒక మంచి ఫౌంటెన్ పెన్ను, 1970లో కిస్తుల మీద కొన్న ట్రాన్సిస్టర్ రేడియో ఉన్నాయి. ప్రతి రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి శ్రీముఖలింగం మా ఇద్దరి ప్రయాణం తప్పేది కాదు. ఇష్టమైన వాటిని ఇష్టంగా అనుభవించిన మనిషి. అమ్మాయి పెళ్ళికి బరంపురం పట్టు కొన్న రోజున ఖర్చు పక్కన చాలా బాగుంది అని రాసుకున్నారు; లెక్కల పుస్తకంలో అభిప్రాయం రాయడం నేను చూసినంతలో అదొక్కసారే.

2004 జూన్ పుటలో రెండు అట్ట టికెట్లు అతికించి ఉన్నాయి. పెద్ద లైనుగా మార్చడానికి చిన్న రైలును ఆపే ముందు మేమిద్దరం గుణుపురం వెళ్ళి వచ్చాము. రిటైరైన ఉద్యోగికి పాసు దొరికినా, ముప్పై ఎనిమిదేళ్ళు జనానికి అమ్మిన టికెట్టును ఆ రోజు తానూ డబ్బిచ్చి కొనాలన్నారు. దళసరి టికెట్ల వల్ల పుటలు ఉబ్బి కుట్టు మీద ఒత్తిడి పడుతున్నది కాబట్టి, ఆ మడతలో కాగితపు పట్టీలు అదనంగా చేర్చి కుట్టించాను. ఫోటోలూ రసీదులూ అతికించిన పుస్తకం ఎవరైనా కుట్టించదలిస్తే ఈ పని తప్పనిసరి.

చివరి రెండేళ్ళ పుస్తకంలో రాత నాది. ఆయన చేయి వణకడం మొదలైన తరువాత ఆయన చెబుతుంటే నేను రాసేదానిని. మొత్తాలు మాత్రం ఆయనే నోటితో కూడి సరిచూసేవారు. ఎప్పుడూ తప్పు పోలేదు. ఆ పుస్తకానికి మరమ్మతు అవసరం లేదు.

మార్గశిరం

"చేబదులు" ఆవర్జా విషయంలో ఈ నెల పిల్లలతో మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాము. దానిలో ఊళ్ళోవారి పేర్లూ, తీసుకున్న మొత్తాలూ ఉన్నాయి. తీర్చిన వాటి పక్కన చెల్లు అని తేదీ ఉంది. తీర్చలేనివారి పేర్ల మీద మూడేళ్ళ తరువాత ఆయనే అడ్డగీత గీసి, అదే మొత్తాన్ని ఇంటి ఖర్చులో ధర్మం కింద ఎక్కించి లెక్క ముగించారు. అలా కొట్టివేసిన తరువాత ఆ మనిషిని మళ్ళీ అడిగినట్టు గాని, తక్కువగా చూసినట్టు గాని నేను ఎరగను. వారిలో ఇద్దరు మా అబ్బాయి పెళ్ళిలో వంటశాల బాధ్యత పైన వేసుకుని చేశారు. పెద్దవాడు ఆ పుటలు కూడా ముద్రించాలన్నాడు, నాన్నగారి గొప్పతనం తెలుస్తుందని. నేను ఒప్పుకోలేదు. ఆయన గీత గీసి మూసిన లెక్కను మనం తెరిచి, ఆ ఇళ్ళ పిల్లల ముందు వారి తాతల అప్పులు పెట్టడం ఆయనకు చేసే మర్యాద కాదు. ఆ ఆవర్జాను ఫోటో తీయించలేదు. కుట్టి, గుడ్డలో చుట్టి విడిగా ఉంచాను. నా తరువాత దానిని ఏం చేయాలో చిన్నవాడికి చెప్పాను.

మిగిలిన పుస్తకాలను మనవడు ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నాడు. ఉత్తరపు కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పుట మీద అద్దం పరచకుండా, ఫోన్‌ను స్టాండుకు బిగించి తీస్తే అంకెలు స్పష్టంగా వస్తున్నాయి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, పుట ఈ వరుసలో పెట్టమన్నాను. ఒకటి కంప్యూటరులోనూ, ఒకటి విడి డిస్కులోనూ, ఒకటి అమ్మాయి దగ్గర బరంపురంలోనూ ఉంటుంది.

శుభ్రప్రతిలో "ఇల్లాలి చదువు" పద్దు మొత్తం, 1971 ఆసుపత్రి పుటలు, నా సంతకాలున్న 1974 పుట, అణాల పట్టీ, 2004 టికెట్ల పుట, చివరి పుస్తకంలోంచి ఒక నెల చేరాయి. ప్రతి పుటకు ఎదురుగా ఆ నాటి సందర్భం నేను కొద్దిగా రాస్తున్నాను. పిల్లలకు తెలియని బంధువుల పేర్లు, స్టేషన్లు, ధరలు వివరిస్తున్నాను. ఇద్దరు మనవరాళ్ళకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు కాబట్టి, వారి ప్రతులకు ఒడియా లిపిలో మరొక పుట జతచేస్తున్నాను. అది నా చేత్తోనే రాస్తున్నాను, ఆయన పలక మీద నేర్పిన అక్షరాలే కనుక.

మూల పుస్తకాలు స్టీలు బీరువాలో, నేలకు ఎత్తుగా, అరకు అరకు మధ్య గాలి ఆడేలా నిలువుగా పెట్టాము. అటక మీద ఇక ఏమీ ఉంచము. వేపాకు పెడితే మరక పడుతుంది కాబట్టి గుడ్డ సంచిలో కట్టి మూలన వేలాడదీశాను. 1980ల పుస్తకాలు రెండు ఇంకా బైండరు దగ్గర ఉన్నాయి. సంక్రాంతి ముందు ఇస్తానన్నారు. అవి రాగానే వాటి ఫోటోలు పూర్తిచేసి, శుభ్రప్రతులను ముద్రణకు పంపుతాము.